మాట ఆగని నడక

ఈ మధ్య మా వీధిలో ఎవరు కనిపించినా "ఇప్పుడు బాగానే ఉన్నావుగా అమ్మాయ్" అంటున్నారు. అవునంటున్నాను. నిజంగానే బాగున్నాను. అసలేం జరిగిందని అడిగితే మాత్రం నిలబడి చెప్పలేకపోతున్నాను. సగం చెప్పేసరికి పొయ్యి మీద పాలు పొంగుతాయి, లేదంటే మా చిన్ని వచ్చి కొంగు పట్టుకు లాగుతుంది. అందుకని అది నిద్రపోయాక వంటగదిలో కూర్చుని కొంచెం కొంచెంగా రాస్తున్నాను. రాస్తే నా గుండె కుదుటపడుతుందని ఒక ఆశ. ఉద్యోగాల కోసం గ్రౌండ్లో పరుగెత్తే ఆడపిల్లలెవరైనా చదివితే, తమ ఒళ్ళు చెప్పేది నాకంటే ముందుగా వింటారని ఇంకో ఆశ.

మాది నరసరావుపేట. పుట్టిల్లు రాజుపాలెం దగ్గర పల్లెటూరు. మా ఆయన ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపులో పని చేస్తారు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్య, అప్పటికి మూడేళ్ళు దాటిన మా పాప చిన్ని. నేను డిగ్రీలో బి.జెడ్.సి. చదివాను. పెళ్ళయ్యాక పుస్తకాలు అటక మీదికి వెళ్ళాయి. పోయినేడు కానిస్టేబుల్ పరీక్ష రాసి, మొదటి మెట్టు దాటాను. ఇక పరుగు మిగిలింది.

ఫిబ్రవరి

పదహారు వందల మీటర్లు. చెప్పుకోవడానికి పెద్ద దూరమేం కాదు. కానీ చిన్నప్పటి నుంచీ నేను పరుగులో అందరికంటే వెనక. స్కూల్లో ఆటల పీరియడ్ వస్తే గేటు దగ్గర కూర్చునేదాన్ని. కాసేపు పరుగెత్తితే తొడలు రాళ్ళలా బిగుసుకుపోయేవి. బద్ధకమని టీచర్లు అన్నారు, ఇంట్లో అన్నారు, చివరికి నేనూ నమ్మాను. కాబట్టి ఈసారి ఆ బద్ధకాన్ని విరగ్గొట్టాలనే పంతంతో గ్రౌండ్లో దిగాను.

మా వీధిలోనే ఉండే షాహీన్ కూడా అదే పరీక్ష నెగ్గింది. వాళ్ళ నాన్నది మోటార్ సైకిల్ మెకానిక్ షెడ్డు. పొద్దున్నే తన స్కూటీ మీద నన్నూ తీసుకెళ్ళేది. అక్కడ మాకు తర్ఫీదిచ్చే సారు మంచి మనిషే. ఆయన నేర్పిన సూత్రం మాత్రం ఒకటే. "నోట్లోంచి మాట వస్తందంటే నువ్వింకా పరిగెత్తట్లేదని అర్థం!" అని విజిల్ ఊదేవారు. మిగతా ఆడపిల్లలు ఆ విజిల్‌కు వారం వారం మెరుగుపడ్డారు. నేను వారం వారం తగ్గిపోయాను.

ఇంటికొచ్చి మంచం మీద వాలిపోతే మా అత్తయ్య ఊరుకునేది కాదు. "రెండు రౌండ్లకే కూలబడతన్నావు. రేపు దొంగోడు పారిపోతే ఎట్టా పట్టుకుంటావే? ఆడే ఎనక్కొచ్చి నిన్ను లేపాల్సొచ్చుద్ది." ఆ మాటకు మా ఆయన నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది, కాకపోతే లోపలెక్కడో గుచ్చుకునేది.

చిన్నిని చూసుకోవడానికి మా అమ్మ కోతల మధ్య నాలుగు రోజులు వీలు చేసుకుని వచ్చింది. మా అమ్మ మిరప కోతల ముఠాకు పెద్ద. ఏటా కోతల రోజుల్లో పాతికమంది ఆడవాళ్ళను ఆటోల్లో తీసుకెళ్ళి కోయిస్తుంది. రోజంతా వంగి కోసిన కొత్త పిల్లలు మర్నాడు మంచం దిగలేరు. అప్పుడు అమ్మ ఇంటింటికీ వెళ్ళి వాళ్ళను లేపి మళ్ళీ చేలోకి దించుతుంది. రెండో రోజు మానేసినవాళ్ళు ఇక ఆ ఏడు కోతకు రారని, పని వల్ల వచ్చిన నొప్పి పనిలోనే పోవాలని ఆమె లెక్క. ఆ లెక్క తప్పు కాదు. ఎంతోమంది నడుములు అలా కుదురుకోవడం నేనే చూశాను.

శివరాత్రికి అందరితోపాటు నేనూ ఉపవాసం ఉన్నాను. మర్నాడు ఏమీ తినకుండానే గ్రౌండ్‌కు వెళ్ళాను. పరుగు మధ్యలో తొడలు బిగుసుకుని ముందుకు పడిపోయాను. షాహీన్ ఇంటికి తీసుకొచ్చి దించింది. అమ్మ ఆముదం వెచ్చచేసి కాళ్ళకు మర్దన చేస్తూ అంది: "ఒళ్ళు పట్టేసిందా? పట్టేసుద్ది మరి. రేపు ఇంకోసారి పరిగెత్తు, నొప్పీ ఉండదు గిప్పీ ఉండదు. ఇయ్యాల ఆగావంటే ఇక ఎప్పటికీ ఆగిపోతావే అమ్మా."

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఎవరూ బలవంతం చేయలేదు. నాకు తెలిసిన మనుషులందరూ అలాగే గట్టిపడ్డారు, నేనూ గట్టిపడతాననుకున్నాను.

ఆ మధ్యాహ్నానికి దువ్వెన తల దాకా ఎత్తలేకపోయాను. చిన్ని వచ్చి చేతులు చాపింది. ఎత్తుకోబోయి, దానితో సహా గోడకు జారిపోయాను. తర్వాత బాత్రూమ్‌కు వెళ్తే మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. అది చూశాక అమ్మ ఇంకో మాట మాట్లాడలేదు. షాహీన్ వచ్చి, మా ఆయనతో కలిసి నన్ను ఆసుపత్రికి చేర్చింది.

మార్చి

కండ దెబ్బతిని దాని రంగు మూత్రంలోకి దిగుతోందని, కిడ్నీలను కాపాడుకోవాలని డాక్టరు చెప్పారు. సీసా తర్వాత సీసా సెలైన్ ఎక్కించారు. ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది పక్క మంచం దగ్గర ఉన్న వినుకొండ పెద్దామె. కొడుక్కి తోడుగా వచ్చింది. నా జుట్టు చిక్కులు పడి ఉండటం చూసి, అడక్కుండానే వచ్చి కూర్చుని జడ వేసింది. "నాకూ కూతురుంటే బావుండేదనుకునేదాన్ని. ఇద్దరూ మగెదవలే. ఆ గుండ్లకి జడ ఎయ్యలేను గదా" అంది. నేను నవ్వితే పక్కటెముకలు నొప్పి పుట్టాయి. ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి జడ వేసి వెళ్ళేది. ఆమె పేరు అడగాలన్న ఊహ రాకుండానే వాళ్ళను పంపించేశారు. ఈ కాగితం ఆమె దాకా చేరదు, అయినా దండం పెడుతున్నాను.

కిడ్నీలు నిలబడ్డాయి. ఇంటికొచ్చాను. కానీ ఒళ్ళు వెనక్కి రాలేదు.

సగం బకెట్టు నీళ్ళు మోస్తే కూర్చోవాలి. మేడ మీద బట్టలు ఆరేసి దిగితే మళ్ళీ పడుకోవాలి. పరుగు పరీక్ష రోజు వచ్చింది, వెళ్ళింది. షాహీన్ నెగ్గింది. మా ఇంటికి మిఠాయి పట్టుకొచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి గుమ్మం దగ్గరే నిలబడింది. "రావే, నేనేం చావలేదు" అన్నాను. ఇద్దరం ఏడ్చి, మిఠాయి తిన్నాం.

ఏప్రిల్, మే

ఆ రెండు నెలలూ వెయిటింగ్ హాళ్ళలోనే గడిచాయి. ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద మాటలు వినపడని టీవీ, పేరు పిలిచినప్పుడల్లా అందరం ఒక్కసారి తలెత్తడం. ఒకరు రక్తం తక్కువన్నారు. ఒకరు బలానికి మందు రాశారు. ఇంకొకరు మా ఆయన వైపు తిరిగి "ఉద్యోగం పోయిందన్న దిగులు, అంతే" అన్నారు.

ఇంట్లో మాటలు కరుకెక్కాయి. ఒకరోజు షాపు నుంచి ఆకలితో వచ్చి, వంట కాకపోవడం చూసి మా ఆయన "చెయ్యటం ఇష్టం లేకపోతే చెప్పు, రోగం పేరు ఎందుకు?" అన్నారు. కాసేపటికి ఆయనే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టారు. మర్నాటి నుంచి పొద్దున్నే ఎవరూ లేవకముందు బట్టలు ఉతికి ఆరేయడం మొదలుపెట్టారు. క్షమించమని ఆయన అడగలేదు. ఉతికిన బట్టలు తీగ మీద కనిపించేవి, అంతే. మా అత్తయ్య పక్కింటివాళ్ళతో "మావాడికి ఈ మజ్జన నిద్ర పట్టట్లా" అని చెప్పి కొడుకు పరువు కాపాడింది.

గుంటూరులో ఒక నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితాలన్నీ పక్కన పెట్టి, "చిన్నప్పుడు ఆటల పీరియడ్‌లో ఏం చేసేదానివమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. గేటు దగ్గర కూర్చునేదాన్నని చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగారు. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ఆగారు. తర్వాత హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి రాసిచ్చారు.

జూన్

అక్కడ కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి మెల్లగా తొక్కించి రక్తం తీశారు. తొడలోంచి చిన్న కండ ముక్క తీశారు. వాటి ఫలితాలు కొన్ని వచ్చాక మళ్ళీ పిలిచారు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నెమ్మదిగా, నా మొహం చూస్తూ చెప్పారు. "మీది బద్ధకం కాదు. మీ కండలోని మైటోకాండ్రియాలో తేడా ఉంది."

మా ఆయనకు ఆ మాట కొత్త. నాకు కాదు. తిన్నదాన్ని శక్తిగా మార్చే చిన్న యంత్రాలవి, ప్రతి కణంలోనూ ఉంటాయి. డిగ్రీ పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించాను. ఆ బొమ్మతోపాటే ఒక బిట్టు ప్రశ్న కూడా గుర్తొచ్చింది. బిడ్డకు మైటోకాండ్రియా ఎవరి నుంచి వస్తాయి? జవాబు: తల్లి నుంచి.

"మా పాపకు?" అన్నాను.

"అందరికీ అలా రాదమ్మా. చూద్దాం. మీ అమ్మగారి రక్తం, పాప రక్తం కూడా పరీక్షకు పంపుదాం. ఫలితం రావడానికి టైము పడుతుంది. అప్పటిదాకా దాన్ని మామూలుగా ఆడుకోనివ్వండి" అన్నారామె.

బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. పక్కనున్న ఒకావిడ "ఎక్కడికెల్లి వచ్చిండ్రమ్మా?" అని అడిగి, నా జవాబు వినకుండానే తన డబ్బాలోని పెరుగన్నం మూతలో పెట్టి నా ఒళ్ళో పెట్టింది. తిన్నాను. ఆ రోజు నేను తిన్నది అదే.

అమ్మకు నేనే చెప్పాను. రక్తం ఇవ్వడానికి ఎందుకో చెప్పక తప్పలేదు. మా అమ్మ చదువుకోలేదు కానీ సూటిగా పట్టుకుంది. "అంటే నేనిచ్చానా నీకు? ఆ రోగం నా కడుపులోంచే వచ్చిందా? మళ్ళీ రెండో రోజు లేపి తోలింది కూడా నేనే గదే!" కోత ముఠాను ఒంటి గొంతుతో నడిపే మనిషి, ఆ తర్వాత ఒక వారం నాతో ఫోన్లో మాట్లాడలేదు. మా తమ్ముడి చేత కబురు పెట్టేది: అన్నం తిన్నదా, పిల్ల తిన్నదా.

జూలై

నాకు రాసిచ్చిన మందు మాత్రం ఎవరూ ఊహించనిది. పడుకోవద్దన్నారు. పరుగెత్తనూ వద్దన్నారు. "నడవండి. మాట్లాడుకుంటూ నడవగలిగినంత వేగమే. మాట తెగిందంటే వేగం తగ్గించాలి, తర్వాత ఆగాలి. ఖాళీ కడుపుతో వద్దు, జ్వరమొస్తే వద్దు. మెల్లగా, క్రమంగా పని చెబితే మంచి యంత్రాలు పెరుగుతాయి. ఒక్కసారిగా మీద పడితే కండే చితికిపోతుంది" అన్నారు డాక్టరమ్మ. ఇది నా జబ్బుకు, నా ఒంటికి చెప్పిన మాట. ఇంకొకరి ఒంటికి ఎంత పని సరిపోతుందో వాళ్ళ డాక్టరే చెప్పాలి.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అత్తయ్య చీర కొంగు దోపింది. "మాట్లాడతా నడవాలా? ఇంత చిన్న పనికి హైదరాబాదు దాకా పోయారా? అది నాకొదిలెయ్యండి."

రోజూ సాయంత్రం సాగర్ కాలువ కట్ట మీద మా ఇద్దరి నడక మొదలైంది. ఆమె తమ్ముడు వాళ్ళ ఊళ్ళో సర్పంచికి నిలబడి ఓడిపోయిన కథ ఎత్తుకుంది. ఎవరెవరు మాటిచ్చారు, ఎవరు మాట తప్పారు, ఓట్ల లెక్కింపు రోజు ఎవరి భార్య ఎవరి గుమ్మం ముందు టపాసులు కాల్పించింది, అంతా రోజుకింత. నేను "ఊఁ" కొడుతుంటే ఒప్పుకునేది కాదు.

"ఊఁ కొట్టటానికి ఊపిరేం అక్కర్లా. గేదె కూడా కొట్టుద్ది. ప్రశ్న అడుగు."

"అయితే... ఆ శేషయ్య ఓటు... మీ తమ్ముడికి పడిందా లేదా?"

"మజ్జలో రెండుసార్లు ఆగావు. కూచో."

అలా కాలువ గట్టు రాయి మీద కూర్చోబెట్టేది. గస తీరాక లేపేది. మొదట్లో రెండు కరెంటు స్తంభాల మధ్యే కూర్చునేవాళ్ళం. తర్వాత తర్వాత లాకుల దాకా, అక్కడి నుంచి వంతెన దాకా సాగింది. కట్ట మీద ఎదురొచ్చేవాళ్ళు "ఏంది అత్తాకోడళ్ళు షికారా?" అంటే, "కాదు, మా కోడలికి డాక్టరమ్మ నా నోరే మందు రాసిచ్చింది" అని గొప్పగా చెప్పేది. నన్ను దొంగోడు లేపాలన్న ఈ మనిషే, నా నోట మాట ఎక్కడ తెగుతుందోనని చెవి రిక్కించుకుని నడవడం చూస్తే నాకు కళ్ళు చెమర్చేవి.

ఒళ్ళు కుదురుకుంటుంటే మనసు మాత్రం చెడింది. చిన్ని ఆవలిస్తే భయం. అన్నం వదిలేస్తే భయం. మెట్లెక్కుతుంటే కిందే నిలబడి ఎన్నో మెట్టు దగ్గర ఆగుతుందో చూసేదాన్ని. వీధిలో పిల్లలతో పరుగెత్తబోతే పిలిచి కూర్చోబెట్టేదాన్ని. ఒకరోజు మా ఆయన నన్ను లోపలికి పిలిచి, "ఒకసారి వాకిట్లోకి చూడు" అన్నారు. చిన్ని గెంతుతోంది. నేను గుమ్మంలోకి వచ్చాను. నన్ను చూడగానే గెంతడం ఆపి, అరుగు మీద కూర్చుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. ఎవరూ చెప్పలేదు. నా మొహం చూసి నేర్చుకుంది.

"రోగం సంగతి తర్వాత. భయం మాత్రం నువ్వే ఇస్తన్నావు దానికి" అన్నారాయన. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఆ రోజు నుంచి, అది ఆడుకునే వేళకు నేను పెరట్లోకి వెళ్ళి కూర్చునేదాన్ని. చూడకుండా ఉండటమే నేను చేయగలిగిన సాయం అనిపించింది. కానీ చెవులు మాత్రం వీధిలోనే ఉండేవి.

ఆగస్టు

కాలువ కట్ట మీద ఉండగా ఫోన్ వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రిలో పరీక్షల సంగతి వివరించే అమ్మాయి. "అక్కా, పూర్తి వివరాలు మీరొచ్చాక డాక్టరుగారు చెబుతారు. మంచి కబురు కదా, మిమ్మల్ని ఎదురుచూడనివ్వడం ఎందుకని ముందే చెబుతున్నాను" అంది. ఆ తేడా నా కండలో మాత్రమే ఉంది. నా రక్తంలో లేదు. అమ్మ రక్తంలో లేదు. పాప రక్తంలో లేదు. ఇలాంటివి ఒక్కోసారి ఎవరి నుంచీ రాకుండా, మనిషి కండలోనే పుడతాయట. అలాంటప్పుడు బిడ్డకు వెళ్ళేది దాదాపు ఉండదట.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను. నోట మాట రాలేదు. మా అత్తయ్య గాభరాగా నా జబ్బ పట్టుకుంది. "మాట రావట్లా? గస వచ్చిందా? కూచో, కూచో. నేను చెబతానే ఉన్నా ఇయ్యాల జోరుగా నడుస్తన్నావని!"

కూర్చుని, "అత్తయ్యా, చిన్నికి లేదంట" అన్నాను.

ఆమె కూడా నా పక్కనే కూలబడింది. సర్పంచి ఎన్నికల కథ ఆ రోజు ముందుకు సాగలేదు. కాసేపటికి "మీ అమ్మకి చెప్పు ముందు. ఆ మనిషి అన్నం సరిగా తింటల్లేదంట" అంది. ఆ సంగతి నాకు తెలియదు. వీళ్ళిద్దరూ నాకు చెప్పకుండా ఫోన్లో మాట్లాడుకుంటున్నారని కూడా అప్పుడే తెలిసింది.

అమ్మకు ఫోన్ చేసి, "నువ్విచ్చింది కాదమ్మా. నేనివ్వనూ లేదు" అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు. "సర్లే. రేపు కోతకి మనుషుల్ని మాట్లాడే పనుంది, ఉంటా" అంది. ఆగస్టులో మిరప కోతలు ఉండవు.

ఇప్పుడు

నేను పోలీసును కాలేదు. కాబోను. మా ఇంటి దగ్గర ఒక ట్యూషన్ సెంటర్‌లో సైన్స్ చెబుతున్నాను, కూర్చునే. వంతెన దాటి నడుస్తున్నాను. కొన్ని రోజులు నడక సున్నా, ఏ కారణమూ లేకుండా. ఆ రోజుల్లో పడుకుంటాను, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. నీళ్ళ బకెట్టు మోస్తాను. చిన్నిని ఎత్తుకుని మేడ ఎక్కగలను, పైన నిలబడి కాసేపు గస తీర్చుకుంటాను. ఇంత చాలు. నిజంగా చాలు.

ఇక భయం. రిపోర్టు వచ్చిన రోజే అది పోతుందనుకున్నాను. పోలేదు. చిన్ని ఇప్పుడు ఎల్.కె.జి. చదువుతోంది. నవంబరులో బడిలో పిల్లలకు పరుగు పందెం పెట్టారు. నేను చూడటానికి వెళ్ళలేదు, వెళ్తే నా మొహం చూసి కూర్చుంటుందేమోనని. మధ్యాహ్నం వాళ్ళ నాన్న బండి దిగుతూనే అరిచింది: "అమ్మా, నేను లాస్టొచ్చా!"

కాగితాలన్నీ అబద్ధం చెప్పాయనిపించింది. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ, "కాళ్ళు నొప్పెట్టాయా తల్లీ? మధ్యలో ఆగాల్సొచ్చిందా?" అని అడిగాను.

"ఆగా" అంది.

"ఎందుకు ఆగావు?"

"గోడవతల ఐసు బండి వచ్చింది. గంట కొడతన్నాడు. చూశా."

వెనక నుంచి వాళ్ళ నాన్న నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకున్నారు. అది నా చేతుల్లోంచి జారి, సంచీ అక్కడే పడేసి, పిల్లలు పిలుస్తున్నారని వీధిలోకి దౌడు తీసింది. నేను పెరట్లోకి వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి, మలుపు తిరిగేదాకా చూశాను. అది వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆగలేదు.